నవ్వుతూ ఎత్తిన బండ

ప్రిస్కిల్లా మొదటిసారి బండ ఎత్తినప్పుడు నవ్వింది.

అప్పుడు ఆ పిల్లకు పన్నెండేళ్లు. మాచర్ల పక్కన నాపరాళ్ల పాలిష్ యూనిట్లో లారీలకు లోడు ఎత్తే తండ్రి జక్కయ్యకు అన్నం క్యారియరు పట్టుకొచ్చింది. ముఠా కూలీలందరూ రేకుల షెడ్డు నీడకు చేరి చేతులు కడుక్కుంటున్నారు. లారీ పక్కన అంచు విరిగిన బండ ఒకటి పడి ఉంది. పిల్ల దానికేసి కాసేపు చూసి, క్యారియరు కింద పెట్టి, బండ కింద వేళ్లు దూర్చింది. ఎవరూ నేర్పకుండానే మోకాళ్లు వంచి, నడుము నిటారుగా ఉంచి లేపింది. తొడల మీద ఒక్క క్షణం ఆనించుకుని, ఇంకో ఊపుతో పొట్టకు కరుచుకుంది. అప్పుడొచ్చింది ఆ నవ్వు, పళ్లన్నీ కనపడేలా, ఆపుకోలేనట్టు. బరువెత్తేవాళ్లు మూలుగుతారు, పళ్లు కొరుకుతారు, దేవుణ్ణో దెయ్యాన్నో తలుచుకుంటారు. ఆ యార్డు పుట్టాక అక్కడ నవ్వుతూ రాయెత్తిన మనిషి లేదు.

"ఏందే, ఆ నవ్వేంది?" అన్నాడు జక్కయ్య.

"ఏమో నాన్నా. కడుపులో ఎవరో కితకితలు పెడతన్నట్టుంది."

కూలీలు ఈలలు వేశారు. జక్కయ్య కూడా మురిసిపోయాడు, ఆ మాట దాచడం ఎందుకు. ఆ విరిగిన బండను సాయంత్రం తోపుడు బండి మీద ఇంటికి తోసుకెళ్లి వాకిట్లో గడప ముందు పరిచాడు. కానీ ముఠా మేస్త్రి పున్నారావు మాత్రం బీడీ ఆర్పి, ఒక మాట అని లేచాడు.

"నవ్వుతా ఎత్తేది బరువెట్టా అయిద్దిరా జక్కయ్యా? అది ఆట. బరువంటే ఏందో నీకు నేర్పింది నేను. మర్చిపోబాక."

మర్చిపోయేది కాదు అది. ఆ ముఠాలో ఒక పద్ధతి ఉంది. పెద్ద బండ దగ్గరికి వచ్చేసరికి మేస్త్రి లారీ పక్కన నిలబడి, ఎత్తేవాణ్ణి పేరు పెట్టి తిడతాడు. ఊరికే తిట్టడు, వాడికి ఎక్కడ తగులుతుందో చూసి తిడతాడు. తాగుబోతు తండ్రి ఉన్నవాణ్ణి తండ్రి పేరెత్తి, పిల్లలు లేనివాణ్ణి పిల్లల మాటెత్తి. వాడికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది, ఆ మంటలో బండ లారీ ఎక్కుతుంది. ఎక్కాక మేస్త్రి వాడి భుజం తట్టి బీడీ ఇస్తాడు. తిట్టు బండకే గానీ మనిషికి కాదని అక్కడ అందరూ ఒప్పుకున్న మాట. జక్కయ్య పదిహేడో ఏట ముఠాలో చేరిన రోజుకు అతని తల్లి పోయి నెల కాలేదు. బండ లేవలేదు. పున్నారావు ఆ చచ్చిపోయిన మనిషిని ఏమన్నాడో ఇక్కడ రాస్తే కాగితం కూడా సిగ్గుపడుతుంది. బండ లేచింది. బీడీ చేతికొచ్చింది. ఆ పూట నుంచి జక్కయ్య లెక్కలో బలమంటే కోపం, కోపమంటే బలం. ఆ రెంటికీ మధ్య ఇంకేదన్నా ఉంటుందని అతనికి చెప్పినవాళ్లు లేరు. చెప్పినా వినేవాడు కాదు.

భార్య హన్నమ్మ కూడా ఒకప్పుడు అదే యార్డులో పనిచేసింది. ఒకరోజు ముఠాలో మనిషి తక్కువైతే బండకు రెండో కొస పట్టింది. బండ లేచింది, ఆమె నడుము కూర్చుంది. అప్పటి నుంచి సగం రోజు మంచం మీదే ఉంటుంది. ఆ రోజు ఆమె చేత ఆ కొస ఎవరు పట్టించారో, ఏమని పట్టించారో ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరు.

హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు హబీబ్‌ది గురజాల. పొట్టి మనిషి, బట్టతల, చిన్న బొజ్జ. ఎప్పుడు చూసినా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అరటిపండు ఒలుచుకుంటూ కనపడేవాడు. ఆయన ఏనాడూ ఏ బరువూ ఎత్తగా చూసినవాళ్లు లేరు. ప్రిస్కిల్లా ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక్కతే రెండు బెంచీలు మోసుకుపోవడం చూసి, సైకిల్ షెడ్డులో మూలన పడి ఉన్న ఇనుప బారు, ప్లేట్లు దులిపించి, పొద్దున్నే ఆరింటికి రమ్మన్నాడు. పిల్ల ఐదున్నరకే వెళ్లి గేటు దగ్గర నిలబడింది. ఆ రోజుల్లో దాన్ని నిద్ర లేపే పని ఇంట్లో ఎవరికీ పడలేదు.

హబీబ్ మాస్టారికి ఒక పిచ్చి ఉండేది. పిల్ల బారు ఎత్తి దించిన ప్రతిసారీ "ఎట్టుంది?" అని అడిగేవాడు. బాగుందంటే నోటుపుస్తకంలో సున్నా చుట్టేవాడు. పర్లేదంటే అడ్డగీత. బాగాలేదంటే ఇంటూ. ఒకరోజు జక్కయ్య పనికి పోతూ షెడ్డులోకి తొంగి చూసి, ఆ పుస్తకం తిరగేశాడు.

"కిలోలు రాయకుండా ఈ సున్నాలేంది సార్? చదువులో సున్నాలొస్తే మొద్దంటారు, ఇక్కడ మొనగత్తె అంటారా?"

"కిలోలు గోడ మీద రాశా, చూడు. ఇది పిల్ల లోపలి సంగతి," అన్నాడు హబీబ్ అరటితొక్క చేతిలో పట్టుకునే. "బరువెత్తేటప్పుడు దీనికి ఎట్టుండిద్దో, అదే రేపు పొద్దున దీన్ని ఇక్కడికి తీసుకొచ్చేది. నేనూ కాదు, నువ్వూ కాదు. వరసన మూడు ఇంటూలు పడ్డాయా, ఒక ప్లేటు తీసేస్తా."

"బరువు తగ్గిస్తే బలమెట్టా వచ్చిద్ది సార్?"

"రేపు కూడా వస్తేగా జక్కయ్యా, బలం వచ్చేది."

జక్కయ్యకు ఆ మాట నచ్చలేదు. ముఠాలో రేపు రాను అన్నవాడికి పని ఉండదు, పొయ్యి వెలగదు. ఇష్టం అడిగి రాయెత్తించేవాడు మేస్త్రి ఎట్లా అవుతాడు? అయినా పిల్ల నవ్వుకుంటూ వెళ్తోంది, నవ్వుకుంటూ వస్తోంది. అతను ఊరుకున్నాడు.

ఊరుకోకుండా చేసింది నరసరావుపేట పోటీలు.

ప్రిస్కిల్లాకు పద్నాలుగో ఏడు. మూడు అవకాశాల్లో మొదటిసారి అరవై కిలోలు నెత్తి మీదికి లేపింది. రెండోసారి అరవై ఐదు వేస్తే, ఛాతీ దాకా వచ్చి జారి దబ్బున కింద పడింది. పిల్ల రెండడుగులు వెనక్కి వేసి, ఆ బారుకేసి చూసి నవ్వింది. మొండికేసిన మేకపిల్లను తట్టినట్టు దాన్ని చేత్తో తట్టి మరీ వెళ్లింది. కుర్చీలో కూర్చున్న హబీబ్ మాస్టారు కూడా నవ్వాడు. మెట్ల మీద జక్కయ్య పక్కన కూర్చున్న ఎవరో పెద్దమనిషి, "ఓడిపోయి నవ్వే ఆ పిల్ల ఎవరిదండీ?" అన్నాడు.

జక్కయ్యకు తల కొట్టేసినట్టయింది. మెట్లు దిగాడు. కర్రల కంచె దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. పిల్ల చేతులకు సుద్దపొడి రుద్దుకుని మూడోసారి బారు దగ్గరికి వస్తుంటే, పున్నారావు నిలబడినట్టే నిలబడి గొంతెత్తాడు.

"ఏమే! మీ అమ్మ మంచంలో కుళ్లతంటే నీకు నవ్వెట్టా వస్తందే? నువ్వూ పోయి దాని పక్కన పడుకో, ఇద్దరికీ ఒకటే దుప్పటి కప్పుతా!"

అక్కడున్న వాళ్లందరూ తిరిగి చూశారు. ప్రిస్కిల్లా కూడా చూసింది. దాని ముఖంలో రక్తం అంతా ఎక్కడికో పోయి, మళ్లీ ఒక్కసారిగా వచ్చింది. వంగింది. అరవై ఐదు కిలోలు నేల మీంచి లేచి, ఛాతీ మీద ఒక్క క్షణం ఆగి, నెత్తి మీదికి వెళ్లి కదలకుండా నిలబడింది. ఎత్తు చెల్లిందని మూడు తెల్ల దీపాలూ వెలిగాయి. మొదటి బహుమతి.

మనిషికి దేవుడు చేసే అన్యాయాల్లో ఇదొకటి. తప్పు చేసినప్పుడు వెంటనే చెంప పగిలితే బుద్ధి వస్తుంది. జక్కయ్యకు చెంప పగలలేదు, పతకం వచ్చింది. పదిహేడో ఏట తాను నేర్చుకున్నది వేదవాక్కేనని ఆ పతకం సాక్ష్యం చెప్పింది. కూతురికి బీడీ ఇవ్వలేడు గనక స్టేడియం బయట కప్పు ఐస్‌క్రీమ్ కొనిచ్చి, భుజం తట్టాడు.

"తిట్టు బండకమ్మా, నీకు కాదు. ఎట్టా లేచిందో చూశావా?"

పిల్ల ఆ కప్పు పట్టుకుని నిలబడింది. అది కరిగి మణికట్టు మీదుగా మోచేతి దాకా కారింది. తిరుగు బస్సులో హబీబ్ మాస్టారు ముందు సీటులోంచి తిరిగి "ఎట్టుంది?" అని అడిగితే, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మాస్టారు పుస్తకం తీసి ఇంటూ పెట్టుకున్నాడు.

ఆ తర్వాత మూడేళ్లు జక్కయ్య రోజూ పొద్దున షెడ్డుకు వెళ్లాడు. తేలిక బరువులకు నోరెత్తేవాడు కాదు. పెద్ద బరువు వేసినప్పుడు మాత్రం గోడకు ఆనుకున్నవాడు ముందుకు వచ్చేవాడు. అతను ముందుకు రావడం చూడగానే పిల్ల మెడ నరాలు బిగుసుకునేవి. కానీ తిట్టుకు కూడా కత్తికి పోయినట్టే పదును పోతుంది. దుప్పటి మాట నాలుగుసార్లు పనిచేసింది. ఐదోసారి పిల్ల కనురెప్ప కూడా వాల్చలేదు, బారు లేవలేదు. కొత్త తిట్టు కావాల్సి వచ్చింది. అది వాడాక ఇంకొకటి.

యార్డులో బండలు మోస్తున్నంతసేపూ జక్కయ్య అదే ఆలోచించేవాడు. ఏ తండ్రయినా కూతురికి ఏది ఇష్టమో కనుక్కుంటాడు. ఇతను దానికి ఏది నొప్పో కనుక్కున్నాడు. లెక్కల్లో తప్పిందా, అది దాచుకున్నాడు. చర్చిలో పాట మధ్యలో దాని గొంతు జీరపోతే పక్కవాళ్లు నవ్వారా, అదీ దాచుకున్నాడు. పిల్ల తల్లితో చెప్పుకునే మాటలు హన్నమ్మ అమాయకంగా మొగుడికి చెప్పేది. పది రోజులకు అవే మాటలు షెడ్డులో పిల్ల మీదికి వచ్చేవి. కొన్నాళ్లకు ప్రిస్కిల్లా ఇంట్లో మాట్లాడటం తగ్గించింది. ఆ ఇంట్లో నోరు విప్పడమంటే తండ్రికి రాయి అందించడమని దానికి తెలిసిపోయింది.

"ఆదివారం దేవుడి పాటలు పాడే నోరేగా ఇది," అంది హన్నమ్మ ఒకసారి మంచం మీంచి. "బిడ్డను అట్టా అనటానికి నీకు నోరెట్టా వచ్చిద్దయ్యా?"

"నేను తిట్టేది బండని. నీకు తెలవదా?"

హన్నమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. ఆమెకు తెలియకపోవడమేమిటి.

ఇప్పుడు పిల్లను నిద్ర లేపాల్సి వస్తోంది. కడుపునొప్పి అంటుంది, కాలు బెణికింది అంటుంది. షెడ్డు దాకా వెళ్లి బయట సైకిళ్ల దగ్గర కాసేపు నిలబడి లోపలికి వెళ్తుంది. అయినా కిలోలు పెరిగాయి. డెబ్బై ఐదు, ఎనభై రెండు, తొంభై. ఒక సాయంత్రం హబీబ్ మాస్టారు పుస్తకం పట్టుకుని ఇంటికే వచ్చి, గడప ముందు బండ మీద కూర్చున్నాడు. పేజీలు తిప్పి చూపించాడు. మొదటి పేజీల నిండా సున్నాలు. చివరి పేజీల నిండా ఇంటూలు.

"ఐదు నెలల నుంచి ఒక్క సున్నా లేదు జక్కయ్యా. నేను తీసేసిన ప్లేటు నువ్వు మళ్లీ ఎక్కిస్తన్నావు."

"గోడ మీద కిలోలు చూడండి సార్. పెరిగినయ్యా, తగ్గినయ్యా?"

"పెరిగినయ్యి."

"మరి?"

"దీనికి బరువెత్తటమంటే ప్రాణం. ప్రాణమైన దాని మీద నువ్వు రోజూ ఉమ్మేస్తన్నావు. ఒకనాడు ఇక చాలనుకుంటే మళ్లీ ముట్టుకోదు. అప్పుడు నువ్వూ నేనూ కాళ్లు పట్టుకున్నా ముట్టుకోదు."

"మీరెప్పుడన్నా రాయెత్తారా సార్?" అన్నాడు జక్కయ్య.

హబీబ్ మాస్టారు పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. లేదన్నట్టు తలూపి వెళ్లిపోయాడు. మాటతో మాస్టారి నోరు మూయించానని జక్కయ్య ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

రాష్ట్ర పోటీలు ఒంగోలులో జరిగాయి. అందులో మొదటి స్థానం వస్తే క్రీడాకారుల కోటాలో ఉద్యోగానికి దారి ఉందని అందరూ చెప్పుకుంటున్నారు. ప్రిస్కిల్లాకు పదిహేడు నిండాయి. పోటీలకు నెల ముందు ఇంటర్ కాలేజీలో ఒక సంగతి జరిగింది. సాయికిరణ్ అనే కుర్రాడంటే దానికి మనసులో ఇష్టం. ఆ కుర్రాడు స్నేహితుల మధ్య, "ఆ మగరాయుణ్ణి చేసుకుంటే నన్నే ఎత్తి లారీలో ఏసిద్ది" అన్నాడు. వాళ్లు నవ్విన నవ్వు వెనక నడుస్తున్న ఈ పిల్ల విన్నది. ఏడాది నుంచి ఏ మాటా చెప్పని పిల్ల ఆ రోజు మాత్రం తల్లి ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. నాన్నకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. హన్నమ్మ వారం రోజులు ఆగింది. తర్వాత, ఆ కుర్రాడి తండ్రిని పిలిచి మందలించమని జక్కయ్యతో చెప్పింది. జక్కయ్య సరేనన్నాడు. ఎవరినీ పిలవలేదు. ఆ మాటను మూట కట్టి ఒంగోలు తీసుకెళ్లాడు.

చివరి అవకాశం. బారు మీద తొంభై ఎనిమిది. అంతకుముందు ఆ బరువు ఎత్తబోయి రెండుసార్లు దించేసింది. హాలు నిండా జనం, మైకులో పేరు చదివారు. ప్రిస్కిల్లా వచ్చింది. బారు ముందు నిలబడి, కంచె వైపు చూసింది. ఆ చూపు దేనికోసమో జక్కయ్యకు అప్పుడు తెలియలేదు. వద్దు నాన్నా అని అడిగిన చూపు అది. తిట్టు కోసం చూస్తోందని అతను అనుకున్నాడు.

"ఒసే మగరాయుడా! సాయికిరణ్ అన్నదాంట్లో తప్పేముందే? నిన్ను ఎవడు చేసుకుంటాడే? ఎత్తు, ఎత్తుకో! నీ బతుక్కి ఇదే మొగుడు!"

ఎక్కడో ఒకరిద్దరు నవ్వారు. మిగతావాళ్లు ఊపిరి బిగబట్టారు. ప్రిస్కిల్లా వంగింది. తొంభై ఎనిమిది కిలోలు ఛాతీకి వచ్చాయి, నెత్తి మీదికి వెళ్లాయి, నిలిచాయి. దీపాలు వెలిగాయి, మొదటి స్థానం వచ్చింది. ఎత్తినవాళ్లందరూ బారును దబ్బున వదిలేసి ఎగిరి గంతేస్తారు. ఆమె వదిలేయలేదు. మెల్లగా ఛాతీకి దించి, మెల్లగా మోకాళ్లకు దించి, చప్పుడు కాకుండా నేల మీద పెట్టింది. తర్వాత తండ్రి వైపు చూసింది. ఆ కళ్లలో కోపం ఉంటుందనుకున్నాడు. ఉంటే బాగుండేది. బస్టాండులో ఎదురుగా నిలబడిన ఎవరినో చూసినట్టు చూసి, బెల్టు విప్పుకుంటూ పక్కకు వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం కొనిచ్చిన ఐస్‌క్రీమ్ కప్పును మూత తీయకుండానే బస్సు సీటు కింద పెట్టింది.

మళ్లీ ఆమె బారు పట్టుకోలేదు. ఉద్యోగం కాగితాలు తిరగడానికి రెండేళ్లు పట్టింది. పై పోటీలకు పిలుపొస్తే నడుము నొప్పి అని రాసి పంపింది. గుంటూరులో ఒక ఆఫీసులో చేరడానికి వెళ్లే ముందు రోజు షెడ్డుకు వెళ్లి, బూట్లూ బెల్టూ అబిదా అనే కొత్త పిల్లకు ఇచ్చి, హబీబ్ మాస్టారికి నమస్కారం పెట్టి వచ్చింది. ఆఫీసులో బీరువా జరపాల్సి వస్తే అటెండరును పిలుస్తుందట. సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు గ్యాస్ సిలిండర్ వాకిట్లో ఉంటే, తెచ్చిన కుర్రాడే లోపల పెట్టేదాకా తలుపు పట్టుకుని నిలబడుతుంది. తొంభై ఎనిమిది కిలోలు ఎత్తిన పిల్ల నీళ్ల బిందె కూడా చంకన పెట్టుకోదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. జక్కయ్య మాత్రం టీ కొట్టు దగ్గర, "నా బిడ్డకు ఉద్యోగం వచ్చిందంటే నా నోటి చలవే" అని చెప్పుకున్నాడు. రెండేళ్లు చెప్పుకున్నాడు.

ఆ తర్వాత ఒకరోజు లారీ మీంచి జారిన బండ అతని కుడి భుజాన్ని నలిపేసింది. ఎముక అతుక్కుంది గానీ చెయ్యి ఎండిపోయిన బెండకాయలా అయింది. ముఠాలో పని పోయింది. పున్నారావు ఒకసారి వచ్చి చూసి, బీడీ కట్ట ఇచ్చి వెళ్లాడు. ఫిజియోథెరపీ డాక్టరు రెండు కిలోల డంబెల్ ఒకటి చూపించి, పూటకు పదిసార్లు, మూడు పూటలా ఎత్తమన్నాడు. ఎత్తకపోతే చెయ్యి ఇంతే అన్నాడు. జక్కయ్య మొదటి రోజు నాలుగుసార్లు ఎత్తాడు. రెండో రోజు ఒక్కసారి. మూడో రోజు నుంచి అది కిటికీలో దుమ్ము పట్టింది. నొప్పికి భయపడి కాదు, నొప్పి అతనికి కొత్త కాదు. దాన్ని ఎత్తడానికి మనసు రాదు. ఎవరూ ఏమీ అనరు, ఎవరి మీదా కోపం రాదు, చెయ్యి లేవదు. బరువును ప్రేమించి ఎత్తడం అనేదొకటి ఉంటుందని అతనికి ఒంట్లో ఎక్కడా గుర్తు లేదు.

నెల తర్వాత ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, గుంటూరు నుంచి వచ్చిన ప్రిస్కిల్లా కిటికీలోని డంబెల్ చూసింది. తల్లి మంచం మీంచి సంగతంతా చెప్పింది. ప్రిస్కిల్లా తడిగుడ్డ తెచ్చి, దాన్ని అక్కడే తుడిచి, "నాన్నా, అది తీసుకుని రా" అని గడప ముందు బండ మీద కూర్చోబెట్టింది. ఎదురుగా చిన్న పీట వేసుకుని తను కూర్చుంది.

"పది సార్లే. ఎత్తు."

జక్కయ్య ఎత్తాడు. ఒకటి. రెండు. మూడోసారి మోచెయ్యి సగం వంగి, వణికి, కిందికి వాలిపోయింది.

"చెయ్యి నా మాట వినట్లేదమ్మా."

"మళ్లీ చూడు."

మళ్లీ చూశాడు. లేవలేదు. నుదుటి మీద చెమట పట్టింది. అతను అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఒక మాట తిట్టమ్మా."

"ఏంది నాన్నా?"

"తిట్టు. ఒక్క మాట. ఒళ్లు మండితే అదే లేచిద్ది."

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తిట్టడం రాక ఊరుకుందేమో అనుకున్నాడు. ఎక్కడ తగులుతుందో కనిపెట్టడంలో ఆ ఊళ్లో అతన్ని మించినవాడు లేడు. తన కోసం తనే వెతకడం మొదలుపెట్టాడు.

"పనికిరానోడా అను. కుంటి చెయ్యోడా అను... వద్దు, అది చాలదు. మీ అమ్మ నడుం పోగొట్టింది నువ్వేగా అను. ఆ రోజు కొస పట్టనంటే, నీ పుట్టింటోళ్లు నాకు పనిచెయ్యని గొడ్డును కట్టబెట్టారని పదిమందిలో అన్నది నేనే. ఆ కోపానికే పట్టింది. అదను."

లోపల మంచం కిర్రుమంది, ఆగిపోయింది.

"ఒంగోల్లో అంతమంది ముందు బిడ్డను మగరాయుడన్నావు గదరా అను. వద్దని అది కళ్లతో అడిగిందిరా, అయినా అన్నావు గదరా అను. దానికి బరువెత్తటమంటే... ఒరేయ్, ఆ పిల్లకు కడుపులో కితకితలు పెట్టినట్టుండేదిరా, నువ్వు..."

ఇంతకంటే పెద్ద తిట్టు అతని దగ్గర లేదు. భుజం కేసి చూసుకున్నాడు, ఇప్పుడన్నా లేస్తుందేమోనని. కోపం రాలేదు. వచ్చింది వేరే ఏదో. దానికి రాయి లేపే బలం ఉండదని అతనికి అప్పుడే తెలిసింది. డంబెల్ అతని మోకాలి పక్కన వేలాడుతూ ఉండిపోయింది.

"అయిపోయిందా నాన్నా?" అంది ప్రిస్కిల్లా. గొంతులో విసుగు లేదు, జాలి లేదు. "రేపు పొద్దున మళ్లీ చూద్దువుగాని. బస్సు టైమయింది."

ముందుకు వంగి అతని వేళ్లలోంచి డంబెల్ తీసుకుంది. నాలుగేళ్లలో ఆమె చేతిలో బరువు చూడటం అతనికి అదే మొదటిసారి. పుచ్చుకున్న ఆ చెయ్యి మరిచిపోలేదు. మణికట్టు దానంతటదే నిటారుగా నిలిచింది, మోచెయ్యి పక్కకు చేరింది. జక్కయ్య ఆమె ముఖంలోకి చూశాడు. పెదవుల చివర ఎక్కడన్నా కదులుతుందేమోనని, ఆకలిగొన్నవాడు కుండలోకి చూసినట్టు చూశాడు. జీవితంలో ఎన్నడూ కూతుర్ని అడగని మాట, హబీబ్ మాస్టారు అడిగితే తాను ఎగతాళి చేసిన మాట, అతని నోట్లోంచి వచ్చింది.

"ఎట్టుందమ్మా?"

ప్రిస్కిల్లా చేతిలో ఉన్నదానికేసి ఒకసారి చూసింది. కిటికీలో దాని చోట దాన్ని పెట్టి, చెయ్యి చీర కొంగుకు తుడుచుకుంది.

"ఎట్టుండేదేంది నాన్నా. రెండు కిలోలు."